15 లక్షల లెక్కకు చిక్కని రోగం

యూరప్‌లో ఆవుపాలు డెయిరీకి వెళ్లేటప్పుడు ఒక్కో మిల్లీలీటరులో లక్షకు మించి సూక్ష్మజీవులు ఉండకూడదు. గొర్రెపాలకైతే 15 లక్షల దాకా ఫర్వాలేదు. రెండు అంకెలూ ఒకే చట్టంలో, ఒకే పేజీ చుట్టుపక్కల ఉంటాయి. యూరోపియన్ యూనియన్ 2004లో చేసి, 2006 జనవరి నుంచి అమలు చేస్తున్న 853వ నంబరు నిబంధన అది. పాలను వేడిచేయకుండా పచ్చిగానే చీజ్ చేసేటట్టయితే గొర్రెపాల హద్దు 5 లక్షలకు దిగుతుంది. అప్పటికీ ఆవుపాల కంటే అయిదు రెట్లు. మొదటిసారి ఈ అంకెలు చూసినవాళ్లెవరికైనా ఒక అనుమానం వస్తుంది: గొర్రెపాలు వాడేవాళ్ల ఆరోగ్యమంటే ప్రభుత్వాలకు అంత చులకనా అని. అనుమానం సహజమే గానీ, భయపడాల్సిన చోటు వేరే ఉంది. ఈ లెక్క పాలు ఎంత శుభ్రంగా పిండారో, ఎంత త్వరగా చల్లబరిచారో చెబుతుంది. గొర్రెపాల వల్ల మనిషిని నెలల తరబడి మంచాన పడేసే జబ్బులు ఈ లెక్కలోకి రానే రావు. వాటి జాడ పాల క్యాను దగ్గర వెతికితే దొరకదు, మంద దగ్గర వెతకాలి. గొర్రెపాలకు అసలు ప్రమాణం మంద ఆరోగ్యమేననీ, 15 లక్షలా లక్షా అన్నది దాని తర్వాతి ప్రశ్న అనీ నా వాదన.

ముందు 15 లక్షలు ఎందుకొచ్చాయో చూద్దాం. గొర్రెపాలు చిక్కన. ఆవుపాలలో ఘనపదార్థం 12, 13 శాతం ఉంటే వీటిలో 18 శాతం పైమాటే. కొవ్వు ఆరేడు శాతం, మాంసకృత్తులు అయిదున్నర శాతం దాకా ఉంటాయి. అందుకే ఫ్రాన్సులో రోక్‌ఫోర్, స్పెయిన్‌లో మాంచెగో, ఇటలీలో పెకొరీనో, గ్రీసులో ఫెటా లాంటి పేరున్న చీజ్‌లకు గొర్రెపాలే ఆధారం. కానీ గొర్రె ఇచ్చేది చాలా కొద్ది. పూటకు అర లీటరు ఇస్తుందనుకుంటే 40 లీటర్ల క్యాను నిండడానికి 80 గొర్రెల పొదుగులు ముట్టుకోవాలి. పూటకు పది లీటర్లిచ్చే ఆవులైతే నాలుగు చాలు. ఒక్కో గొర్రెకు రెండు చన్నులు, అంటే 160 చన్నులు. ప్రతిదాని చుట్టూ ఉన్ని, దుమ్ము, రాత్రంతా పడుకున్న చోట అంటిన పెంటికల పొడి. చేత్తో పిండేవాళ్లు చాలా చోట్ల వెనక నుంచి పిండుతారు కాబట్టి పెంటికలు నేరుగా గిన్నెలో పడే ప్రమాదం కూడా ఉంది. వందల గొర్రెల మందలో ప్రతి పొదుగునూ కడిగి, తుడిచి, ఆరబెట్టే తీరిక ఎవరికీ ఉండదు. కడిగి తడిగా వదిలేస్తే ఆ మురికినీళ్లు చన్ను వెంట కారి పాలల్లోనే పడతాయి కాబట్టి, అసలు కడగకపోవడమే నయం. ఇవన్నీ తెలిసినవాళ్లు రాసిన హద్దు అది.

అయితే గొర్రెపాలను అంతకంటే శుభ్రంగా తీయడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలో ద్రవరూపంలో అమ్మే గ్రేడ్-ఏ పాలకు ఆవు, మేక, గొర్రె తేడా లేకుండా ఒక్కో రైతు పాలకు మిల్లీలీటరుకు లక్షే హద్దు. మిషన్లతో పిండి, వెంటనే చల్లబరిచే మందలు యూరప్‌లోనూ ఆ స్థాయిని అందుకుంటూనే ఉన్నాయి. గొర్రె శరీరంలో 15 లక్షలను తప్పనిసరి చేసే కారణమేదీ లేదు. గ్రీసు కొండల్లో, సార్డీనియా దీవిలో, స్పెయిన్ మెట్టభూముల్లో చిన్న చిన్న మందలతో బతికే కాపరులను ఒక్క దెబ్బతో వ్యాపారంలోంచి తోసేయకుండా ఉండటానికి ఒప్పుకున్న అంకెగానే నాకది కనిపిస్తుంది. ఆ పాలలో ఎక్కువ భాగం వేడిచేసి చీజ్‌గా మార్చేదే కదా అన్న ధీమా దాని వెనక ఉంది. ఈ రాజీని నేను తప్పుపట్టను. అది సూక్ష్మజీవశాస్త్రం తేల్చిన గీత కాదని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇంతకీ ఆ లెక్క ఎలా తీస్తారు? పాలను శుద్ధమైన ద్రావణంలో పలచబరిచి, కొద్దిగా తీసి, పోషకాలున్న జెల్లీలాంటి పదార్థంతో గాజు పళ్లెంలో కలుపుతారు. 30 డిగ్రీల సెల్సియస్ వేడిలో 72 గంటలు ఉంచుతారు. బతికున్న ప్రతి సూక్ష్మజీవీ పెరిగి కంటికి కనిపించే చుక్క అవుతుంది. చుక్కలు లెక్కపెట్టి, పలచబరిచిన మేరకు హెచ్చిస్తారు. ఇప్పుడు చాలా ప్రయోగశాలల్లో ఈ పని యంత్రాలు నిమిషాల్లో చేస్తున్నాయి, ఆధారం మాత్రం ఆ పళ్లెమే. ఆ చుక్కల్లో పెరుగు తోడుకునేందుకు పనికొచ్చే జాతులుంటాయి, పేడ నుంచి వచ్చినవి ఉంటాయి, సరిగా కడగని క్యాను మూత కింద పేరుకున్నవి ఉంటాయి. అన్నీ ఒకే మొత్తంలో కలిసిపోతాయి. ఏది మేలు చేసేదో ఏది కీడు చేసేదో ఆ మొత్తం చెప్పదు. చెప్పేదల్లా రెండే సంగతులు, మొదట ఎంత మురికి చేరింది, ఆ తర్వాత ఎంతసేపు వెచ్చగా ఉండిపోయింది. రెండోదే పెద్దది. వెచ్చని పాలలో అరగంటకోసారి రెట్టింపయ్యే బాక్టీరియా మిల్లీలీటరుకు వెయ్యి ఉన్నాయనుకోండి, అయిదు గంటల్లో పదిసార్లు రెట్టింపై 10 లక్షలు దాటుతాయి. పొద్దున శుభ్రంగా పిండినవాడి పాలు కూడా మధ్యాహ్నం దాకా ఎండలో వ్యాను కోసం ఎదురుచూస్తే, పెంటపోగు పక్కన పిండిన పాలకు సమానమవుతాయి.

అందుకే చట్టం చల్లదనం మీద అంత పట్టుబడుతుంది. పాలను రోజూ సేకరించేటట్టయితే పిండిన వెంటనే 8 డిగ్రీలకు, రోజు విడిచి రోజు తీసుకెళ్లేటట్టయితే 6 డిగ్రీలకు దించాలి. డెయిరీకి చేరేసరికి 10 డిగ్రీలు దాటకూడదు. పిండిన రెండు గంటల్లోపే చీజ్ తయారీకి వాడేస్తే చల్లబరచక్కర్లేదన్న మినహాయింపూ ఉంది. అప్పుడే పిండిన పాలలో బాక్టీరియాను కాసేపు అణచిపెట్టే సహజ పదార్థాలు ఉంటాయి కాబట్టి అది అర్థమున్న మినహాయింపే. ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. చల్లదనం పాలను శుభ్రం చేయదు. పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, అదీ అన్నింటినీ ఒకేలా కాదు. పులియబెట్టే మంచి బాక్టీరియా చలికి ముడుచుకుపోతే, సూడోమోనాస్ లాంటివి ఫ్రిజ్‌లోనూ నెమ్మదిగా పెరుగుతూనే ఉంటాయి. రెండు మూడు రోజులు గడిస్తే అవి వదిలే ఎంజైములు కొవ్వునూ మాంసకృత్తులనూ విరగ్గొడతాయి. తర్వాత ఎంత వేడిచేసినా ఆ ఎంజైములు కొన్ని నిలిచే ఉంటాయి. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చే లిస్టీరియా కూడా చలిలో పెరిగే బాపతే. పాడైన పాతరగడ్డి మేసిన గొర్రెల దగ్గర అది ఎక్కువగా కనిపిస్తుంది.

చట్టం 15 లక్షలు అంటున్నది ఒక రోజు పాల గురించి కాదు. నెలకు కనీసం రెండు నమూనాల చొప్పున రెండు నెలల ఫలితాలు తీసుకుని, వాటి గుణమధ్యమం హద్దులోపు ఉండాలంటుంది. మామూలు సగటు అంటే కూడి భాగించడం. గుణమధ్యమం అంటే అన్నింటినీ గుణించి వర్గమూలం లాంటి మూలం తీయడం. ఒక మందలో నాలుగు నమూనాలకు వరుసగా లక్ష, లక్ష, లక్ష, కోటి వచ్చాయనుకోండి. మామూలు సగటు సుమారు 26 లక్షలు, హద్దు దాటినట్టే. గుణమధ్యమం మాత్రం 3 లక్షల 16 వేల దగ్గర ఆగుతుంది. అంటే ఒక రోజు పాలు కోటి సూక్ష్మజీవులతో వచ్చినా ఆ రైతు 15 లక్షల హద్దులో నెగ్గుతాడు, పచ్చిపాల చీజ్‌కు పెట్టిన 5 లక్షల హద్దులోనూ నెగ్గుతాడు. ఇది లొసుగని కొందరంటారు. బాక్టీరియా లెక్కలు వందలు, వేలు, లక్షలుగా ఎగిరి దూకే స్వభావం కలవి కాబట్టి, రైతు అలవాటును అంచనా వేయడానికి ఇదే సరైన పద్ధతని గణాంకవేత్తలు చెబుతారు. వాళ్ల మాట నిజమే. రైతు రెండు నెలల నడవడికకు ఇది న్యాయమైన తీర్పు. ఆ కోటి ఉన్న రోజున పాలు తాగినవాడికి మాత్రం సగటుతో పని లేదు. ప్రమాణం దేనిని కొలుస్తోందో, మనం దాని నుంచి ఏమి ఆశిస్తున్నామో, రెండింటి మధ్య దూరం ఇక్కడే మొదలవుతుంది.

ఆ దూరం ఎంతటిదో మాల్టా దీవి చరిత్ర చెబుతుంది. మధ్యధరా సముద్రంలో బ్రిటిష్ సైన్యం మకాం వేసిన ఆ దీవిలో సైనికులు వస్తూ పోతూ ఉండే జ్వరంతో, ఒళ్లు తడిసిపోయే చెమటలతో, కీళ్లనొప్పులతో నెలల తరబడి ఆసుపత్రుల పాలయ్యేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు చనిపోయినవారి ప్లీహంలో దీనికి కారణమైన సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. అది మనిషికి ఎక్కణ్ణుంచి వస్తోందో తేలడానికి మాత్రం మరో 18 ఏళ్లు పట్టింది. దోమలనీ, మురుగునీటినీ, దుమ్మునూ అనుమానించారు. 1905లో మాల్టాకే చెందిన వైద్యుడు థెమిస్టోక్లిస్ జమ్మిట్ మేకల రక్తం పరీక్షించి అసలు సంగతి కనిపెట్టాడు. అక్కడ మేకలను వీధి వెంట తోలుకొచ్చి గుమ్మం ముందే పాలు పిండి పోసేవారు. నీళ్లు కలిపే అవకాశం లేదు, నిలవ ఉన్న సమస్య లేదు. మేకలు చూడ్డానికి నిక్షేపంగా ఉండేవి, పాలు రుచిలోనూ వాసనలోనూ ఏ తేడా లేకుండా ఉండేవి. 1906లో సైన్యానికి మేకపాలు ఆపేశారు. సైనికుల్లో జ్వరం చూస్తుండగానే పడిపోయింది. కళ్లముందు పిండిన పాలను మించిన స్వచ్ఛత ఉండదని మన దగ్గరా గట్టి నమ్మకం. మాల్టావాళ్లకు శతాబ్దం కిందటే ఆ నమ్మకం ఎంత ఖరీదైనదో తెలిసింది.

బ్రూస్ పట్టుకున్న ఆ జీవి పేరు ఇప్పుడు బ్రూసెల్లా మెలిటెన్సిస్. మేకతోపాటు గొర్రె దానికి ప్రధాన నివాసం. మనిషికి వచ్చే బ్రూసెల్లోసిస్ రకాల్లో ఇదే ఎక్కువ, ఇదే ఉధృతం. మందలో అడుగుపెడితే చూడి గొర్రెలు నెలలు నిండకుండానే ఈసుకుపోతాయి. తర్వాత అవే గొర్రెలు కోలుకున్నట్టు కనిపిస్తూ, మామూలుగా ఈనుతూ, పాలలో ఆ క్రిమిని వదులుతూ ఉంటాయి. ఇప్పుడు దీన్ని మన పళ్లెం లెక్కతో పోల్చి చూడండి. బ్రూసెల్లా పెరగడానికి మరింత బలమైన పోషకాలు, 37 డిగ్రీల వేడి, ఎక్కువ రోజులు కావాలి. 30 డిగ్రీల్లో మూడు రోజులుంచే మామూలు పళ్లెంలో అది బయటపడదు. ఒకవేళ బయటపడిందనే అనుకున్నా, పదులో వందలో ఉండే ఆ చుక్కలు లక్షల మధ్య ఎవరి కంటపడతాయి? ఆ కొద్దిపాటి క్రిములే మనిషిని జబ్బు చేయడానికి సరిపోతాయి. మిల్లీలీటరుకు 20 వేల సూక్ష్మజీవులున్న మేలైన పాలలో బ్రూసెల్లా ఉండొచ్చు, 14 లక్షలున్న పాలలో లేకపోవచ్చు. రెండో పాలు అపరిశుభ్రమైనవే. జ్వరం తెచ్చేది మాత్రం మొదటివి.

యూరప్ చట్టం రాసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అదే నిబంధనలో సూక్ష్మజీవుల లెక్క రావడానికి ముందే మందల ఆరోగ్యం వస్తుంది. పాలు ఇచ్చే గొర్రెలు బ్రూసెల్లోసిస్ లేదని అధికారికంగా తేలిన మందకు చెందినవై ఉండాలి. అలా తేలని మందలోని గొర్రెలు పరీక్షలో నెగెటివ్‌గా వచ్చి, జబ్బు లక్షణాలేవీ లేకపోతే, అధికారుల అనుమతితో వాటి పాలను రెండే రకాలుగా వాడొచ్చు. పాశ్చరీకరణ జరిగిందని నిర్ధారించే ఫాస్ఫటేజ్ పరీక్షలో నెగ్గేంతగా వేడిచేయాలి, లేదా కనీసం రెండు నెలలు మాగబెట్టే చీజ్‌కు వాడాలి. పొదుగు వాపు ఉన్న గొర్రె పాలు, మందులు వాడి గడువు తీరని గొర్రె పాలు పక్కన పెట్టాలి. ఇవి ఏ నమూనా సీసాలోనూ కనిపించని షరతులు. రక్తపరీక్షలు, చెవి పోగులు, పశువైద్యుడి రికార్డులు, జబ్బుపడ్డ గొర్రెలను ఏరివేయడం, రైతుకు పరిహారం కావాలి. 15 లక్షల అంకె పైకి కనబడే గోడ అయితే, దాని కింద పునాది ఇది. ఆ అంకెను మాత్రమే ఎత్తి చూపి యూరప్ ఎంత ఉదారంగా ఉందో అనేవాళ్లు ఈ భాగాన్ని చదవలేదనుకోవాలి.

అలాగైతే సూక్ష్మజీవుల లెక్క ఎందుకు, ఎత్తేయొచ్చు కదా అనే ప్రశ్న రావాలి. ఎత్తేయకూడదు. పొదుగు వాపు తెచ్చే స్టఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా పాలలో వెచ్చగా పెరిగితే ఒక విషపదార్థాన్ని వదులుతుంది. పాలను కాచితే బాక్టీరియా చస్తుంది, విషం చావదు. తాగిన కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. అక్కడ చల్లదనం, శుభ్రత తప్ప రక్ష లేదు. అందుకే యూరప్‌లో పచ్చిపాల చీజ్‌కు ఈ జాతి మీద వేరే హద్దు ఉంది. గ్రాముకు లక్ష దాటితే విషం ఉందేమో చూసి తీరాలి. సాల్మొనెల్లా అయిదు నమూనాల్లో ఒక్కదానిలోనూ, 25 గ్రాములకు ఒక్కటి కూడా ఉండరాదు. ఇలా ఫలానా క్రిమి అని పేరు పెట్టి వెతికే పరీక్షలు మొత్తం లెక్క కంటే ఎక్కువ పని చేస్తాయి. పొదుగు ఆరోగ్యానికి ఇంకో కొలత ఉంది, పాలలో చేరే గొర్రె సొంత కణాల సంఖ్య. పొదుగులో ఇన్‌ఫెక్షన్ వస్తే తెల్లరక్తకణాలు పాలలోకి వచ్చిపడతాయి. ఆవుపాలకు యూరప్ 4 లక్షల హద్దు పెట్టింది, గొర్రెపాలకు ఏ హద్దూ పెట్టలేదు. అమెరికా గ్రేడ్-ఏ గొర్రెపాలకు 7 లక్షల 50 వేలు పెట్టింది. నన్నడిగితే యూరప్ నిబంధనలో నిజంగా తప్పుపట్టాల్సింది 15 లక్షల అంకెను కాదు, ఈ ఖాళీని. పొదుగు లోపలి రోగాన్ని చూపించే కొలతను వదిలేసి, పొదుగు బయటి మురికిని చూపించే కొలతతో సరిపెట్టుకున్నారు.

చీజ్ తయారీదారులు ఎదురు దిశ నుంచి అభ్యంతరం చెబుతారు. పాలు మరీ శుభ్రమైతే చీజ్ రుచి చచ్చిపోతుందని వాళ్ల ఫిర్యాదు. ఫ్రాన్సులో 1925లోనే చట్టబద్ధంగా పేరును రక్షించుకున్న రోక్‌ఫోర్ చీజ్‌ను లకోన్ జాతి గొర్రెల పచ్చిపాలతోనే చేయాలి. పాలలో సహజంగా ఉండే బాక్టీరియా దాని వాసనకు, రుచికి తోడ్పడుతుంది. పిండే యంత్రాలు, స్టీలు ట్యాంకులు, క్లోరిన్ కడుగులు వచ్చాక ఆ సహజ సంతతి తగ్గిపోయి, చాలా చోట్ల బయటి నుంచి తోడు వేయాల్సి వస్తోంది. ఈ ఫిర్యాదులో పస ఉంది. కానీ ఇది మొత్తం లెక్కను తప్పుపట్టే వాదన, మంద ఆరోగ్యాన్ని తప్పుపట్టే వాదన కాదు. రుచి కోసం పాలలో లాక్టిక్ బాక్టీరియా ఉండాలని అడగొచ్చు, బ్రూసెల్లా ఉండాలని ఏ చీజ్ తయారీదారూ అడగడు. పచ్చిపాలతో చీజ్ చేయాలనుకునేవాడికే మంద శుద్ధి అందరికంటే ఎక్కువ అవసరం, ఎందుకంటే అతని దగ్గర వేడి అనే చివరి ఆయుధం లేదు. తరతరాలుగా పచ్చిపాల చీజ్ తింటున్నాం, ఏమీ కాలేదు అనేవాళ్లు ఒక తేడా గమనించాలి. రోక్‌ఫోర్ కనీసం 90 రోజులు మాగుతుంది. ఉప్పు, పులుపు, కాలం కలిసి క్రిములను బలహీనపరుస్తాయి. మధ్యధరా దేశాల్లో మనుషులకు బ్రూసెల్లోసిస్ తెచ్చిపెట్టేది ఎక్కువగా పచ్చిపాలతో చేసి, మాగకుండానే తినేసే తాజా చీజ్.

మన వైపు నుంచి వచ్చే అభ్యంతరం మరింత సూటిగా ఉంటుంది: మేము పాలు కాచుకునే తాగుతాం, మాకెందుకీ గొడవ? నిజమే, పాలు పొంగేదాకా కాచే అలవాటు మనకు పెద్ద రక్ష. 63 డిగ్రీల్లో అరగంట లేదా 72 డిగ్రీల్లో 15 సెకన్లు ఉంచితేనే బ్రూసెల్లా చస్తుంది, పొంగిన పాలలో ఇక మిగలదు. అయినా కాచడం ఒక్క దారినే మూస్తుంది. గొర్రె ఈనేటప్పుడు లేదా ఈసుకుపోయినప్పుడు పిల్లను, మాయను ఒట్టి చేతులతో తీసేవాడికి చేతి మీది చిన్న గీత చాలు. దొడ్డి ఊడ్చేవాళ్లకు, మాయను మూటగట్టి పారేసేవాళ్లకు, ఉన్ని కత్తిరించేవాళ్లకు పాలతో పనే లేకుండా జబ్బు రావచ్చు. నెదర్లాండ్స్‌లో జరిగింది చూడండి. 2007 నుంచి 2010 మధ్య అక్కడ మందల నుంచే వచ్చే మరో జబ్బు, క్యూ జ్వరం, 4,000 మందికి పైగా సోకినట్టు నమోదైంది. పాలు తాగి తెచ్చుకున్నది కాదది. పాడి మేకలు ఈసుకుపోయినప్పుడు బయటపడిన క్రిమి ఎండి, దుమ్ములో కలిసి, గాలి వెంట ఊళ్లమీద పడింది. ప్రభుత్వం చూడి మేకలను వేల సంఖ్యలో చంపించాల్సి వచ్చింది. రోగమున్న మందలను కనిపెట్టడానికి వాళ్లు 2009 నుంచి మేక, గొర్రె డెయిరీల ట్యాంకు పాలలో ఆ క్రిమి జన్యుపదార్థాన్ని వెతకడం తప్పనిసరి చేశారు. పాలను పరీక్షించింది తాగేవాడి కోసం కాదు, మంద గురించి తెలుసుకోవడానికి. పాల పరీక్షకు అంతకంటే మంచి ఉపయోగం నాకు తోచదు.

ఇక మన సంగతి. 2019 పశుగణనలో దేశంలో 7 కోట్ల 42 లక్షల గొర్రెలు తేలితే, తెలంగాణలోనే 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు. రెండూ కలిపితే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన చుట్టూనే ఉన్నాయి. మనం గొర్రెను మాంసం కోసం పెంచుతాం. పిల్లలు తాగగా మిగిలిన పాలు కాపరుల ఇళ్లలోకే పోతాయి తప్ప పాలకేంద్రానికి రావు. అందువల్ల మనకు 15 లక్షల లెక్క పెట్టే అవసరం ఇప్పటికి లేదు. మన ఆహార భద్రతా నిబంధనల్లో గొర్రెపాలకు కనీస కొవ్వు, వెన్నేతర ఘనపదార్థం ఎంత ఉండాలో రాసి ఉంది. అది నీళ్లు కలిపిన సంగతి పట్టిస్తుంది, రోగం సంగతి కాదు. గొల్ల, కురుమ కాపరి మందతోపాటు పొలాల్లోనే పడుకుంటాడు, అక్కడే ఈత తీస్తాడు, కొన్నిసార్లు అక్కడే పచ్చిపాలు తాగుతాడు. వారాల తరబడి జ్వరం వచ్చిపోతూ ఉంటే టైఫాయిడ్ అనో మరొకటనో మందులు వాడి వదిలేసే అవకాశం ఎక్కువ. బ్రూసెల్లోసిస్‌కైతే రెండు రకాల యాంటీబయాటిక్‌లు కలిపి ఆరు వారాలు వాడాలి. మధ్యలో ఆపేస్తే తిరగబెడుతుంది. గొర్రెలతో పనిచేసే మనిషికి అంతుబట్టని జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పడం మంచిది.

2019 సెప్టెంబరులో కేంద్రం జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో గాలికుంటు టీకాను ఆవులు, గేదెలతోపాటు గొర్రెలు, మేకలకూ వేయాలని పెట్టారు. బ్రూసెల్లోసిస్ టీకాను మాత్రం నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆవు, గేదె పెయ్యదూడలకే పరిమితం చేశారు. మనిషికి అందరికంటే ఎక్కువ హాని చేసే బ్రూసెల్లా రకం ఉండేది గొర్రె, మేకల్లో. టీకా వేస్తున్నది పెద్ద పశువులకు. గొర్రెలకు పనికొచ్చే రెవ్-1 టీకా 1957 నుంచీ ప్రపంచానికి తెలుసు. దానితో ఇబ్బందులు లేకపోలేదు. చూడి గొర్రెకు వేస్తే ఈసుకుపోవచ్చు, వేసేవాడి చేతికి గుచ్చుకుంటే అతనికే జబ్బు రావచ్చు. కాబట్టి మూడు నుంచి ఆరు నెలల గొర్రెపిల్లలకు, కంట్లో చుక్కగా, శిక్షణ ఉన్నవాళ్లే వేయాలి. కష్టమైన పనే గానీ, తెలియని పని కాదు. గొర్రెల పంపిణీ పథకాలకు కోట్లు ఖర్చుపెట్టిన ప్రభుత్వాలకు అందని పనీ కాదు. అప్పటిదాకా గొర్రెపాలు ఎంత తాజాగా పిండినా, ఎంత నమ్మకస్తుడు పోసినా పొంగేదాకా కాచి తాగండి. ఈత తీసేటప్పుడు చేతికి గ్లవుజులు తొడుక్కోండి, ఈసుకుపోయిన పిల్లనూ మాయనూ కుక్కల పాలు చేయకుండా లోతుగా పాతిపెట్టండి. మీ ఊరి పశువైద్యుణ్ణి, మీ ఎమ్మెల్యేను గొర్రెలకు బ్రూసెల్లా పరీక్షలు, టీకాలు ఎప్పుడని అడగండి.